పాత రోలర్ కోస్టర్‌కి ఇచ్చిన 70 లక్షలు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా: చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) పక్కన, సముద్రానికి కిలోమీటరు లోపలే ఉన్న పార్కు. 22 ఏళ్ల స్టీల్ కోస్టర్. ట్రాక్ 480 మీటర్లు, ట్రెయిన్‌ని పైకి లాగే చైన్ లిఫ్ట్, రెండు ట్రెయిన్లు. ట్రెయిన్‌కి 5 కార్లు, కారుకి నలుగురు, కారుకి రెండు యాక్సిళ్లు, నాలుగు వీల్ క్యారియర్లు (చక్రాలని పట్టి ఉంచే చట్రాలు). చక్రాలు నడిచే రైల్ పైపు 114 మి.మీ., వాటిని మోసే స్పైన్ పైపు 219 మి.మీ. తయారు చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. మెయింటెనెన్స్ వాళ్లు కోటిన్నర అడిగితే 70 లక్షలు ఇచ్చారు. అందులో 28 లక్షలు పెయింటింగ్‌కి, కొత్త ఫైబర్ ముఖాలకి, లైట్లకి ముందే రాసేశారు. ఏది ఆపొచ్చు, ఏది ఆపకూడదు?

ముందు ఆ కేటాయింపు కాగితం పక్కన పెట్టండి. అది ట్రెయిన్ విప్పకముందు రాసింది. కంటికి కనిపించేది తుప్పు కాబట్టి రంగుకి ఎక్కువ పడింది. కోస్టర్‌లో ప్రాణం మీదికి తెచ్చే లోపాలు మాత్రం బయటికి కనపడవు. బేరింగ్ కింద యాక్సిల్ మీద వెంట్రుకంత పగులు, రంగు కింద వెల్డు అంచున మొదలైన చీలిక, గ్రౌట్ (కాలమ్ అడుగున నింపే సిమెంటు) లోపల సన్నబడిపోయిన ఫౌండేషన్ బోల్టు అలాంటివి. అందుకని ముందు 8 లక్షలు విడిగా తీసి విప్పడానికి, కడగడానికి, ఎన్‌డీటీకి (ముక్కని పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్షలకి) పెట్టండి. ఇంకో 10 లక్షలు ఏ పద్దులోనూ రాయకండి. విప్పాక బయటపడేవాటికి అవి కావాలి, చాలకపోయినా ఆశ్చర్యం లేదు. మిగతా 52 లక్షల లెక్క తనిఖీ రిపోర్టు చేతికొచ్చాకే వేయండి.

ఏది ముందు అంటే, చెప్పి పాడయ్యేవి కొన్ని, చెప్పకుండా పాడయ్యేవి కొన్ని. చక్రం పాడైతే మోగుతుంది. చైన్ సాగితే స్ప్రాకెట్ మీద ఎగురుతుంది. గాలి లీకైతే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. వీటివల్ల రైడ్ ఆగుతుంది, ఆ రోజు కలెక్షన్ పోతుంది, అంతే. యాక్సిల్, వెల్డు, ఫౌండేషన్ బోల్టు, లిఫ్ట్ మీద ట్రెయిన్ వెనక్కి జారకుండా పట్టే కొక్కెం (యాంటీ రోల్‌బ్యాక్ డాగ్) మాత్రం నోరు విప్పవు. డబ్బు ముందు వీటికి వెళ్లాలి.

యాక్సిళ్లతో మొదలుపెడదాం. 2007 మే 5న జపాన్‌లో ఒసాకా దగ్గరి ఎక్స్‌పోలాండ్‌లో ఫూజిన్ రైజిన్ 2 కోస్టర్ యాక్సిల్ పరుగులో ఉండగానే విరిగి ఒకరు చనిపోయారు. కారణం లోహపు అలసట. 1992 నుంచి 15 ఏళ్లు ఆ యాక్సిల్ మార్చలేదు, ఆ ఏడాది పగుళ్ల తనిఖీ వాయిదా వేశారు. మీవి 22 ఏళ్లవి. గతంలో మార్చినట్టు రిజిస్టర్‌లో సీరియల్ నంబరుతో ఎంట్రీ లేకపోతే, మార్చలేదనే అనుకోండి.

యాక్సిల్‌ని కారులో ఉంచి పరీక్షించడం దండగ. బేరింగులు లాగేసి, కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి చూడాలి. రెండు వ్యాసాలు కలిసే భుజం దగ్గర, బేరింగ్ కూర్చునే చోట ఎర్రమట్టి రంగులో మెత్తటి పొడి కనిపిస్తే అక్కడ యాక్సిల్, బేరింగ్ లోపలి రింగు సన్నగా ఒరుసుకుంటున్నాయని అర్థం. అలసట పగుళ్లు పుట్టేది సరిగ్గా అలాంటి చోటే. తర్వాత ఫ్లోరసెంట్ మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (మెరిసే ఇనప రజను పగులు దగ్గర పోగయ్యేలా చేసేది), చీకటి గదిలో, యూవీ దీపం కింద, రెండు దిశల్లోనూ అయస్కాంతీకరించి. దాంట్లో గీతలా ఏది మెరిసినా ఆ యాక్సిల్ తుక్కులోకే. పాలిష్ చేసి మళ్లీ వాడదామనో, వెల్డింగ్ రాడ్ పెట్టి నింపుదామనో అంటారు. ఎంత అనుభవం ఉన్నవాడు చెప్పినా ఒప్పుకోకండి. ఎన్‌డీటీ మనుషుల కోసం మీకు ఎక్కడికీ వెళ్లే పని లేదు, ఆ రంగానికి సంబంధించిన సంఘం ఐఎస్‌ఎన్‌టీ (ఇండియన్ సొసైటీ ఫర్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్) ప్రధాన కార్యాలయం చెన్నైలోనే ఉంది. లెవెల్ 2 సర్టిఫికెట్ ఉన్న మనిషే స్వయంగా రావాలని, రిపోర్టులో ప్రతి ముక్కకీ విడిగా నంబరు ఉండాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి.

కొత్త యాక్సిళ్లు చెన్నైలోనే అంబత్తూర్ వర్క్‌షాపుల్లో చేయించుకోవచ్చు, ఇందులో నిజంగానే డబ్బు మిగులుతుంది. కానీ తప్పు జరిగేదీ ఇక్కడే. డ్రాయింగ్‌లో భుజం మూల 3 మి.మీ. రేడియస్ ఉందనుకోండి. మామూలు టూల్‌తో తీస్తే అర మి.మీ. మూల వస్తుంది. బేరింగ్ చక్కగా భుజానికి ఆని కూర్చుంటుంది, చూసినవాళ్లంతా బాగుందంటారు. భారం మాత్రం ఆ పదునైన మూలలోనే పోగవుతుంది, కొన్ని లక్షల చుట్ల తర్వాత పగులు అక్కడే మొదలవుతుంది. 3 మి.మీ. రేడియస్ సరిగ్గా ఉంచితే బేరింగ్ అంచు దానికి తగులుతుంది, మధ్యలో అంచు కోసిన స్పేసర్ రింగు పెట్టాలి. పాత యాక్సిల్ విప్పినప్పుడు ఆ రింగుని చెత్తలో పారేస్తుంటారు, జాగ్రత్త. రేడియస్ గేజ్ పెద్ద ఖరీదు కాదు, అది జేబులో పెట్టుకుని వెళ్లి వర్క్‌షాప్‌లోనే చూడండి. ఈఎన్24 అనే అల్లాయ్ స్టీల్ ఫోర్జ్డ్ బార్ అయితే మిల్ టెస్ట్ సర్టిఫికెట్, హీట్ నంబరు (స్టీల్ ఏ పోతదో చెప్పేది), హీట్ ట్రీట్‌మెంట్ చార్టు, హార్డ్‌నెస్ రీడింగులు, మెషినింగ్ తర్వాత మళ్లీ మాగ్నెటిక్ పరీక్ష అడగండి. ఇవి లేకుండా బిల్లు పాస్ చేయొద్దు.

లోకల్‌గా చేయించడం గురించి ఇంకో మాట. 2023 జూన్ 25న స్టాక్‌హోమ్‌లోని గ్రోనా లుండ్ పార్కులో జెట్‌లైన్ కోస్టర్ పట్టాలు తప్పి ఒకరు చనిపోయారు. విరిగింది పాత ముక్క కాదు, కొత్తగా వేరే సరఫరాదారుతో చేయించిన సపోర్ట్ ఆర్మ్. ఆకారం సరిపోయింది, బలం సరిపోలేదు. మీ కంపెనీ మూతపడింది కాబట్టి పాత ముక్కని కొలిచి కొత్తది చేయించే పని మీకు చాలాచోట్ల తప్పదు. కొలతలు ఒక్కటే కాపీ చేస్తే చాలదు. లోహం ఏదో స్పెక్ట్రో పరీక్షతో తేల్చాలి, హార్డ్‌నెస్ కొలవాలి, లోపల కనపడని వెల్డులున్నాయేమో ఒక పాత ముక్కని కోసి చూడాలి, భారం లెక్క ఒక ఇంజనీరు వేసి సంతకం పెట్టాలి. తరమణిలో సీఎస్ఐఆర్ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటర్ ఉంది, అలసట పరీక్షలు వాళ్ల రంగమే. కనీసం వీల్ క్యారియర్ ఆర్మ్ డిజైనైనా అలాంటి చోట చూపించండి.

చక్రాలకి వస్తే, ఒక్కో క్యారియర్‌కి రెండు రోడ్ (రైల్ పైన నడిచేవి), రెండు సైడ్ (పక్కన), ఒక అప్‌స్టాప్ (కింద ఉండి ట్రెయిన్ పైకి లేవకుండా పట్టేది) చక్రం చొప్పున ట్రెయిన్‌కి 40, 40, 20, మొత్తం 100. హబ్బులు బాగుంటే వాటి చుట్టూ ఉండే పాలీయురేథేన్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) మళ్లీ పోయించుకోవచ్చు, కొత్త చక్రం కంటే చాలా తక్కువలో అయిపోతుంది. పాత పాలీయురేథేన్ తీయడానికి చాలామంది హబ్బుని కొలిమిలో కాలుస్తారు. స్టీల్ హబ్బుకి పర్లేదు. మీవి అల్యూమినియం. 6061-టీ6 రకం గట్టిపడేదే 175 డిగ్రీల దగ్గర వేడితో. 200 దాటి గంటలపాటు ఉంచితే ఆ గట్టిదనం పోతుంది, చూడ్డానికి మాత్రం ఏ తేడా ఉండదు. లేత్ మీద చెక్కి తీయమని రాతపూర్వకంగా చెప్పండి. తర్వాత హబ్బుకి డై పెనెట్రాంట్ పరీక్ష, అంటే రంగు ద్రవం పగుళ్లలోకి దింపి చూసేది. పాలీయురేథేన్‌లోనూ పాలీయెస్టర్ రకం, పాలీఈథర్ రకం ఉంటాయి. మీ ఉప్పుగాలి తేమకి పాలీఈథర్ మేలు, పాలీయెస్టర్ రకం తేమకి విరుగుతూ పోతుంది. బేరింగులు మాత్రం చెన్నై ప్యారీస్ కార్నర్ సందుల్లో చవగ్గా దొరికాయని కొనకండి. డబ్బా అచ్చం కంపెనీదే ఉంటుంది, లోపల సరుకు కాదు. ఆథరైజ్డ్ డీలర్ బిల్లుతోనే తీసుకోండి.

ఇక ట్రాక్. 2023లో అమెరికాలోని క్యారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 కోస్టర్ సపోర్ట్ కాలమ్ పగిలి ఊగుతున్న సంగతి ముందు చూసింది ఒక సందర్శకుడు. రోజూ కింద నుంచి తలెత్తి చూస్తే కనపడుతుందిలే అనుకోకూడదు. లోయల అడుగు, మొదటి దిగుడు తర్వాతి మలుపు, లిఫ్ట్ కొస, బ్రేక్ మొదలయ్యే చోటు, ఈ నాలుగింటి దగ్గర టై (రైల్ పైపుని స్పైన్‌కి కలిపే ముక్క), రైల్ పైపు కలిసే ప్రతి వెల్డూ పరీక్షించాలి. రైల్ పైపు గోడ మందం అల్ట్రాసోనిక్ గేజ్‌తో, చక్రం నడిచే పట్టీ మీద, పైపు అడుగున రెండుచోట్లా తీసుకోండి. అడుగున పల్చబడిందంటే లోపల నీరు చేరింది. నీరు పోవడానికని సొంతంగా రైల్ పైపుకి చిల్లు పెట్టకండి, ఆ చిల్లే రేపు పగులవుతుంది.

ఇక్కడే పెయింటింగ్‌కీ తనిఖీకీ ముడి ఉంది, మీ ప్లాన్‌లో అది తెగిపోయింది. పెయింట్ కాంట్రాక్టర్ ఒక నెల, ఎన్‌డీటీ వాళ్లు ఇంకో నెల అని రాశారు. గ్రిట్ (గరుకు రవ్వ) చిమ్మి తుప్పు, పాత రంగు ఒలిచే బ్లాస్టింగ్ చేసి, ఎస్ఏ 2.5 అనే శుభ్రత స్థాయికి తెచ్చిన స్టీల్ ఈసీఆర్ గాలికి కొన్ని గంటల్లోనే కందిపోతుంది. ఆలోపు వెల్డులు పరీక్షించాలి, ప్రైమర్ వేయాలి. కాబట్టి ఇద్దరూ ఒకే రోజు సైట్‌లో ఉండాలి. పొద్దున 9కి బ్లాస్టింగ్, 12కి మాగ్నెటిక్ పరీక్ష, 3 లోపు ప్రైమర్. రోజుకి ఎంత భాగం ఈ మూడూ పూర్తవుతాయో అంతే తెరవండి. వెల్డుల మీద డై పెనెట్రాంట్ వద్దు, గ్రిట్ దెబ్బకి పగులు నోరు మూసుకుపోయి రంగు లోపలికి దిగదు. మాగ్నెటిక్‌కి ఆ ఇబ్బంది చాలా తక్కువ.

రంగు లెక్క. రెండు రైల్ పైపులు, ఒక స్పైన్ కలిపి మీటరుకి దాదాపు 1.4 చదరపు మీటర్లు. 480 మీటర్లకి 674, టైలు కలిపి 810 దాకా వస్తుంది, కాలమ్‌లు వేరు. అంతా బ్లాస్ట్ చేయాల్సిన పని లేదు. పైన చెప్పిన నాలుగు చోట్లు, ప్రతి కాలమ్ అడుగు ఒకటిన్నర మీటరు తీసుకుంటే సుమారు 420 చదరపు మీటర్లు అనుకుందాం. దానికి జింక్ రిచ్ ఎపాక్సీ ప్రైమర్ 75 మైక్రాన్లు, ఎపాక్సీ ఎంఐఓ (పొరల్లాంటి ఐరన్ ఆక్సైడ్ కలిపిన మధ్య పూత) 125, పైన పాలీయురేథేన్ 60. వాల్యూమ్ సాలిడ్స్ (ఆరాక మిగిలే భాగం) 60 శాతం ఉన్న ప్రైమర్ లీటరు లెక్క ప్రకారం 8 చదరపు మీటర్లు వస్తుంది, పైపుల మీద స్ప్రే చేస్తే 40 శాతం గాల్లో పోతుంది, చేతికి 4.8 వస్తుంది. అంటే 88 లీటర్లు. కాంట్రాక్టర్ 50 లీటర్ల బిల్లు పెట్టి పని అయిపోయిందంటే ఎక్కడో పొర పల్చబడిందని మీకే తెలుస్తుంది. మిగతా చోట్ల పవర్ టూల్‌తో గీకి, సర్ఫేస్ టాలరెంట్ ఎపాక్సీ (పూర్తిగా శుభ్రం కాని స్టీల్ మీద కూడా పట్టేది) ఒక పూత చాలు. చక్రాలు నడిచే పట్టీ మీద మూడు పూతలు వేయొద్దు, ఊడొచ్చిన పొరలు చక్రాలకి అంటుకుంటాయి.

బ్లాస్టింగ్‌కి ముందు ఉప్పు కడగాలి. దీన్ని అందరూ ఎగ్గొడతారు, రెండేళ్లకి రంగు బుడగలు లేచేది ఇందుకే. మీ దగ్గర ఇంకో చిక్కుంది. సముద్రం పక్క బోరు నీళ్లు ఉప్పగానే ఉంటాయి, వాటితో కడగడమంటే ఉప్పు మీద ఉప్పు పూయడమే. మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించండి. బ్లాస్ట్ చేశాక బ్రెస్లే ప్యాచ్‌తో (స్టీల్‌కి అంటించి ఉప్పు కొలిచే పట్టీ) క్లోరైడ్ చూడండి, చదరపు మీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే మళ్లీ కడగాలి. స్టీల్ ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలో తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ, గాలి తేమ 85 శాతం లోపు ఉంటేనే పూత వేయనివ్వండి.

ఎప్పుడు చేయాలంటే, పొంగల్ సెలవుల రద్దీ తగ్గిన మర్నాటి నుంచి మార్చి ఆఖరు దాకా. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల్లో బ్లాస్టింగ్ మాటే వద్దు. ఏప్రిల్, మే మీ సంపాదన నెలలు. ఫిబ్రవరి, మార్చిలో పరీక్షల వల్ల జనం ఎలాగూ పల్చగా ఉంటారు. పది వారాలు చేతికొస్తాయి, అందులో మొదటి మూడు విప్పడానికి, చూడడానికే పోతాయి.

కాలమ్ అడుగులు. బేస్ ప్లేట్ చుట్టూ గ్రౌట్ పగిలి, ఆకులు, మట్టి పేరుకుని తడి నిలిచే చోట ఫౌండేషన్ బోల్టు మెడ దగ్గర సన్నబడుతుంది. పైన నట్టు నిగనిగలాడుతూనే ఉంటుంది, గ్రీజు కూడా పెట్టి ఉంటారు. సుత్తితో కొట్టి చూడండి, బిగువుగా ఉన్నది ఖణేల్‌మంటుంది, లేనిది బొంగురుగా మోగుతుంది. అనుమానం ఉన్నవాటికి బోల్టు తల మీద నుంచి అల్ట్రాసోనిక్ పంపితే లోపల ఎక్కడ తరిగిందో పట్టుబడుతుంది. కొత్త గ్రౌట్ పోశాక అంచు బయటికి వాలుగా ఉండాలి, నీరు నిలవకూడదు.

ట్రాక్ జాయింట్ బోల్టులు విప్పినవి విప్పినట్టే పారేయండి, పాత 10.9 (ఎక్కువ బలం గ్రేడు) బోల్టుని మళ్లీ బిగించొద్దు. ఎం24 (24 మి.మీ.) బోల్టుకి 800 న్యూటన్ మీటర్ల టార్క్ అనేది మాలిబ్డినం పేస్టు పూసిన మరకి పెట్టిన లెక్క, దానికి లోపల దాదాపు 220 కిలో న్యూటన్ల బిగువు వస్తుంది. అదే టార్క్ తుప్పు పట్టిన పొడి మర మీద పెడితే రాపిడికే ఇంకా ఎక్కువ పోయి 130 దగ్గర ఆగుతుంది. రెంచ్ మాత్రం రెండుసార్లూ ఒకేలా టిక్‌మంటుంది. ఇంకోటి, మామూలు గాల్వనైజింగ్ షాపుకి 10.9 బోల్టులు పంపకండి. యాసిడ్‌లో ముంచితే హైడ్రోజన్ చేరి, బిగించాక కొన్ని రోజులకి వాటంతటవే తెగే ప్రమాదం ఉంది. పూత కావాలంటే తయారీదారు దగ్గరే పూత వేసినవి కొనండి.

లిఫ్ట్ చైన్‌ని బిగువుగా ఉంచి 20 పిచ్‌లు (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరాలు) కొలవండి. 101.6 మి.మీ. పిచ్ అయితే కొత్తది 2,032. 2,073 వచ్చిందంటే 2 శాతం సాగింది, ఆర్డర్ పెట్టే సమయం. చైన్ మారిస్తే స్ప్రాకెట్ కూడా మార్చాలి, అరిగిన పళ్లు కొత్త చైన్‌ని ఏడాదిలో తినేస్తాయి. లిఫ్ట్ ఎక్కుతుంటే వినిపించే టకటక పళ్ల పట్టీ మీద పడే యాంటీ రోల్‌బ్యాక్ డాగ్‌ది. ఆ చప్పుడు వస్తే అంతా బాగున్నట్టు కాదు. పళ్ల అంచు గుండ్రబడినా చప్పుడు వస్తుంది, బరువు పడ్డప్పుడు మాత్రం జారుతుంది. రేకుతో ఒక టెంప్లేట్ కోసి ప్రతి పంటి మీదా పెట్టి చూడండి. డాగ్ స్ప్రింగులు ఖరీదైనవి కాదు, అన్నీ మార్చేయండి.

బ్రేకులు స్ప్రింగుతో మూసుకుని గాలితో తెరుచుకునే రకమే అయ్యుంటాయి, గాలి పోయినా ట్రెయిన్ ఆగాలి కాబట్టి. చెన్నై తేమకి ఎయిర్ లైన్లలో నీరు చేరి వాల్వ్ స్పూల్ అతుక్కుంటుంది, బ్రేక్ అర సెకను ఆలస్యంగా మూసుకుంటుంది. వాల్వులు మార్చే ముందు కంప్రెసర్ తర్వాత రిఫ్రిజరేటెడ్ డ్రయ్యర్, ఆటో డ్రెయిన్ పెట్టండి. అది లేకుండా కొత్త వాల్వులు వేస్తే వచ్చే వర్షాకాలానికి మళ్లీ అదే కథ. అయస్కాంత బ్రేకులు పెట్టిద్దామని ఎవరో చెప్పినట్టు రాశారు. మంచివే, కానీ అవి వేగం తగ్గిస్తాయే తప్ప ట్రెయిన్‌ని నిలబెట్టలేవు, చివర్న ఫ్రిక్షన్ బ్రేక్ ఎలాగూ కావాలి. ఈ బడ్జెట్‌లో వద్దు.

రైడ్‌ని నడిపే కంప్యూటర్, అంటే పీఎల్‌సీ, పాతదైనంత మాత్రాన మార్చక్కర్లేదు. ముందు ప్రోగ్రామ్ బ్యాకప్ ఉందా చూడండి. బ్యాటరీ మీద మెమరీ నిలిచే పాత రకమైతే బ్యాటరీని పవర్ ఆన్‌లో ఉండగానే మార్చాలి, ఆఫ్ చేసి తీస్తే ప్రోగ్రామ్ తుడిచిపెట్టుకుపోతుంది. అది రాసిన కంపెనీయే ఇప్పుడు లేదు. సెన్సర్లు, జంక్షన్ బాక్సులు, తుప్పు పట్టిన టెర్మినళ్లు మార్చడానికి మాత్రం డబ్బు పెట్టండి. తప్పుడు సిగ్నళ్లు పదేపదే వస్తుంటే ఆపరేటర్లు ఫాల్ట్‌ని రీసెట్ కొట్టి దాటేయడానికి అలవాటు పడతారు. 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో స్మైలర్ కోస్టర్ మీద కంప్యూటర్ సరిగ్గానే ఆపింది. సిబ్బంది దాన్ని దాటవేసి పంపితే ముందు ఆగి ఉన్న ఖాళీ ట్రెయిన్‌కి గుద్దుకుంది. కంప్యూటర్ ఆపినదాన్ని దాటవేసే ఓవర్‌రైడ్ తాళం ఇద్దరి చేతుల్లో ఉండేలా, ట్రాక్ మొత్తం కంటితో చూసి సంతకం పెట్టాకే తిరిగేలా మార్చండి. దానికి పెద్దగా ఖర్చు లేదు.

కోత ఎక్కడ వేయాలంటే, ఫైబర్ ముఖాలు, లైట్లు పూర్తిగా తీసేయండి. అంతకంటే పెద్ద పొదుపు, ఈ ఏడాది ఒక్క ట్రెయిన్‌నే సిద్ధం చేయడం. ఒక రౌండుకి ఎక్కించడం, దింపడంతో కలిపి 3 నిమిషాలు వేసుకున్నా గంటకి 20 రౌండ్లు, 400 మంది. మామూలు రోజుల్లో మీ క్యూకి అది సరిపోతుంది. రెండో ట్రెయిన్ షెడ్డులో ఉంటుంది. దాన్నుంచి ముక్కలు పీకి వాడతారని తెలుసు, వాడినా ఏ యాక్సిల్ ఏ కారులోంచి ఎప్పుడు వచ్చిందో రిజిస్టర్‌లో పడాలి. పరీక్ష చేయని పాత యాక్సిల్ పరీక్ష చేసిన ట్రెయిన్‌లోకి దొంగచాటుగా చేరేది ఇలాగే.

చివరికి ట్రయల్స్. ముందు ఖాళీగా, తర్వాత సీటుకి 77 కిలోల ఇసుక మూటలతో, 20 సీట్లకి 1,540 కిలోలు, ఆ తర్వాత ఒక్క వైపే నింపి. నిండు బరువుతో లిఫ్ట్ మధ్యలో ఆపి, చైన్ వదులు చేసి, ట్రెయిన్‌ని డాగ్‌ల మీద నిలబెట్టి చూడండి. బ్రేక్ ప్యాడ్ల మీద నీళ్లు కొట్టి తడి బ్రేకింగ్ కూడా చూడండి. ప్రతి పది రౌండ్లకి ఆపి 100 చక్రాలకీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపించండి. పక్కవాటికంటే ఒక్కటే వేడెక్కితే బేరింగో, క్యారియర్ వంకరో. సైడ్ చక్రాలన్నీ ఒకే వైపు వేడెక్కితే ట్రాక్ గేజ్ (రెండు రైల్ పైపుల మధ్య దూరం) తప్పిందని, మళ్లీ కొలతలకి వెళ్లాలి. మూటలు కట్టేటప్పుడు లాప్ బార్‌కి (ఒడి మీదికి దిగే కడ్డీ) కాదు, సీటుకి కట్టండి. లేకపోతే బార్ తాళం పడిందో లేదో ఆ పరీక్షలో తెలియదు.